పీపా మీది రాత, చేతిలోని కాగితం

భిలాయి వెళ్ళని తెలుగువారు కూడా సుపేలా పేరు విని ఉంటారు. 1955 ఫిబ్రవరిలో మన దేశానికీ సోవియట్ యూనియన్‌కూ మధ్య ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణానికీ, తర్వాత కర్మాగారంలో పనికీ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. కర్మాగారం కట్టించిన టౌన్‌షిప్ రైలుమార్గానికి ఒకవైపు, సుపేలా బజారు రెండోవైపు. ఆ రైలుమార్గం హౌరా-ముంబయి ప్రధాన మార్గం. బజారును ఆనుకొని పోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును ఒకప్పుడు 6వ జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు అది 53వది. కూరగాయల బండ్లు, బట్టల దుకాణాలు, ట్యూషన్‌కు వెళ్ళే పిల్లల సైకిళ్ళు, వీటన్నిటి పక్కనుంచే దూరప్రాంతాల లారీలు, ట్యాంకర్లు సాగిపోతుంటాయి.

ఆ ట్యాంకర్లలో ఏమేమి ఉండవచ్చో కొంచెం ఆలోచిద్దాం. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు అందరికీ తెలిసినవే. ఉక్కు నగరానికి ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి. బొగ్గును గాలి తగలకుండా దాదాపు వెయ్యి డిగ్రీలకు కాస్తే కోక్ మిగులుతుంది. అప్పుడు వెలువడే వాయువును శుద్ధి చేస్తే తారు, అమ్మోనియా, బెంజోల్ వస్తాయి. బెంజోల్‌ను వేరుచేస్తే బెంజీన్, టోలీన్. తారు నుంచి నాఫ్తలీన్. ఇనుమును ఉక్కుగా మార్చడానికి ఆక్సిజన్ కావాలి. దాన్ని మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చి ట్యాంకర్లలో తరలిస్తారు. ఉక్కు రేకుల తుప్పు వదిలించడానికి ఆమ్లాలు కావాలి. ఒకటి మండుతుంది, ఒకటి మంటను పెంచుతుంది, ఒకటి చర్మాన్ని కాలుస్తుంది, ఒకటి ఏళ్ళ తరబడి పీలిస్తే రక్తకణాలను దెబ్బతీసి క్యాన్సర్ తెస్తుంది. బయటి నుంచి చూస్తే మాత్రం అన్నీ ఒకే రకం ఇనుప గొట్టాల్లా కనిపిస్తాయి.

అలాంటి బండి ఒకటి బజారు పక్కన ఒరిగిపోయిందనుకుందాం. లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? వాసన చూసి చెప్పగలమని చాలామంది అనుకుంటారు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలోనే కార్బన్ మోనాక్సైడ్ ఉన్న వాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో అనుభవం ఉన్న పెద్ద అధికారులు కూడా ఉన్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. కాబట్టి ముక్కును నమ్ముకుని లాభం లేదు. మిగిలేవి రెండే ఆధారాలు: బండి మీద రాసి ఉన్నది, డ్రైవరు దగ్గర ఉన్న కాగితం. ఈ రెండూ ఎలా పుట్టాయి, ఎవరి కోసం పుట్టాయి అన్నది నేటి ప్రసంగ విషయం. “ఎవరి కోసం” అన్న ప్రశ్నను దయచేసి గుర్తుంచుకోండి. ఈ చరిత్రలో ఎక్కువ మార్పు జరిగింది అక్కడే.

ఇంగ్లండులో 1854లో వాణిజ్య నౌకల చట్టం చేశారు. దాని 329వ సెక్షన్‌లో నైట్రిక్ ఆమ్లం, గంధకామ్లం, తుపాకిమందు పేర్లు కనిపిస్తాయి. అలాంటి ప్రమాదకరమైన సరుకును ఓడలో పంపేవారు అదేమిటో పెట్టె పైభాగాన స్పష్టంగా గుర్తు వేయాలి, లేదా ఓడ కెప్టెనుకో యజమానికో రాతపూర్వకంగా తెలియజేయాలి. లేకపోతే వంద పౌండ్ల వరకు జరిమానా. పెట్టె మీద రాత, చేతిలో కాగితం అన్న జంట అప్పటికే ఉందన్నమాట. అయితే ఆ రాతను చదవవలసినవాడు ఓడ కెప్టెను, ఆ కాగితాన్ని అందుకోవలసినవాడు ఓడ యజమాని. ఓడను, మిగతా సరుకును కాపాడుకోవడం ఆ చట్టం లక్ష్యం. సరుకు దింపే కూలీ, రేవు పక్కన కాపురమున్న కుటుంబం అందులో లేరు.

తర్వాత పదేళ్ళకే నైట్రోగ్లిజరిన్ వచ్చింది. దాన్ని 1847లో ఇటలీ శాస్త్రవేత్త అస్కానియో సొబ్రెరో తయారుచేశాడు. 1860లలో ఆల్ఫ్రెడ్ నోబెల్ దాన్ని గనుల్లో రాళ్ళు పేల్చే నూనెగా అమ్మకానికి తెచ్చాడు. చూడటానికి అది చిక్కని నూనె, దెబ్బ తగిలితే పేలుతుంది. 1865 నవంబరులో న్యూయార్క్ నగరంలోని ఒక హోటల్లో బస చేసిన అతిథి ఒక పెట్టె వదిలి వెళ్ళాడు. అందులో ఏముందో హోటలు వారికి తెలియదు. బూట్లు తుడిపించుకునేవారు దాని మీద కాలు పెట్టుకునేవారట! ఒకరోజు పెట్టెలోంచి ఎర్రటి పొగ రావడంతో దాన్ని వీధిలోకి తోసేశారు, వీధిలో అది పేలింది. 1866 ఏప్రిల్ 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది ఇంకా ఘోరం. వెల్స్ ఫార్గో రవాణా సంస్థ కార్యాలయానికి ఒక పెట్టె కారుతూ వచ్చింది. లోపల ఏముందో చూద్దామని అక్కడివారు దాన్ని తెరవబోయారు. పదిమందికి పైగా చనిపోయారు. అదే సంవత్సరం జులైలో అమెరికా కాంగ్రెస్ నైట్రోగ్లిజరిన్ రవాణా మీద చట్టం చేసింది. పెట్టె మీద పదార్థం పేరు స్పష్టంగా ఉండాలన్నది అందులో ఒక షరతు.

ఈ కథల్లో రవాణా సంస్థ ఉద్యోగుల తప్పు ఏమైనా ఉందా? నా ఉద్దేశంలో లేదు. కారుతున్న పెట్టెను తెరిచి చూడటం ఏ సరుకు గుమాస్తా అయినా చేసే పనే. పాలో నూనెో అయితే అదే సరైన పని కూడా. పెట్టె మీద మాట లేకపోవడం వల్ల సరైన పనే ప్రాణాంతకమైంది.

మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884లో వచ్చింది. 1890 నాటి రైల్వే చట్టంలో 59వ సెక్షన్ ప్రమాదకరమైన, దుర్గంధభరితమైన సరుకుల గురించి చెబుతుంది. మూట పైన దాని స్వభావాన్ని స్పష్టంగా గుర్తు వేయాలి, రైల్వే ఉద్యోగికి రాసి ఇవ్వాలి. 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చినప్పుడు ఆ సెక్షన్ సంఖ్య 67గా మారింది, భావం దాదాపు అలాగే ఉండిపోయింది. ప్రమాదకర సరుకులకు ఏ వ్యాగను వాడాలి, పక్కన ఏది పెట్టకూడదు, ఏ గుర్తు అంటించాలి వంటి వివరాలన్నీ రైల్వేవారి రెడ్ టారిఫ్ అనే పుస్తకంలో ఉంటాయి. 1898 సెప్టెంబరు 5న పేలుడు పదార్థాల శాఖ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో, అంటే సుపేలా పక్కనుంచి పోయే ఇదే రైలుమార్గం మీద పడమరగా.

ఇంతవరకు బాగానే ఉంది. చట్టాలున్నాయి, శాఖ ఉంది, పుస్తకముంది. అయినా 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగినదాన్ని ఇవేవీ ఆపలేకపోయాయి. ఆ ఘటన దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి.

ఆ ఓడ పేరు ఫోర్ట్ స్టికిన్. 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ రేవు నుంచి బయలుదేరింది. యుద్ధకాలం కాబట్టి అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, ఆయుధ సామగ్రి ఉన్నాయి. కొన్ని విమానాలు, పెట్టెల్లో బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. కరాచీలో కొంత సరుకు దిగింది. ఖాళీ అయిన జాగాలో వేల పత్తి బేళ్ళు, కందెన నూనె, కలప, గంధకం, చేపల ఎరువు ఎక్కించారు. ఇది చదువుతున్న మీకు గుండె జారిపోతుంది కదా! పత్తి నెమ్మదిగా, లోలోపల రాజుకునే గుణం ఉన్న సరుకు. పేలుడు పదార్థాలున్న ఓడలోనే దాన్ని ఎక్కించారు. సరుకుల జాబితా ఎవరూ దాచలేదు. ఓడ అధికారులకు తెలుసు, రేవు కార్యాలయంలో తెలుసు. యుద్ధం తొందరలో జాగా వృథా పోకూడదన్న లెక్కే పైచేయి అయింది.

ఓడ ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌కు చేరింది. ప్రమాదకరమైన సరుకు ఉన్న ఓడ ఎర్ర జెండా ఎగురవేయాలన్నది రేవుల్లో ఉన్న ఆచారం, నియమం కూడా. ఫోర్ట్ స్టికిన్ మీద ఆ జెండా లేదు. ఏప్రిల్ 14 మధ్యాహ్నం రెండో నంబరు అరలోంచి పొగ కనిపించింది. అగ్నిమాపక దళం వచ్చి వందల టన్నుల నీళ్ళు కొట్టింది. మంట ఎక్కడుందో సరిగ్గా దొరకలేదు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు, అరగంట తిరక్కుండా రెండోది. సిమ్లాలోని భూకంప పరికరాలు సైతం ఆ కంపనాన్ని నమోదు చేశాయి. మండుతున్న పత్తి బేళ్ళు, లోహపు ముక్కలు నగరం మీద పడ్డాయి. చుట్టుపక్కల ఓడలు మునిగాయి, రేవు పక్క బస్తీలు కాలిపోయాయి. చనిపోయినవారు ఎనిమిది వందలకు తక్కువ ఉండరని, అంతకంటే చాలా ఎక్కువే ఉండవచ్చని అంచనాలు. వారిలో 66 మంది అగ్నిమాపక దళంవారు. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినం పాటిస్తున్నది వారి జ్ఞాపకార్థమే.

యుద్ధకాలపు సెన్సారు వల్ల దేశంలోని పత్రికలు ఆ వార్తను వెంటనే రాయలేకపోయాయి. మొదట చెప్పింది శత్రువుల చేతిలో ఉన్న సైగాన్ రేడియో! జెండాను దించిన రహస్యం ఎవరి నుంచి దాచిందో ఆలోచించండి. శత్రువుకు తెలిసింది. తెలియకుండా పోయింది పక్క ఓడలవారికి, డాకు కూలీలకు, వీధుల్లోని జనానికి. కాగితం మీద సమాచారం పూర్తిగా ఉంది. ప్రాణం కాపాడుకోవలసినవారి కంటికి కనిపించే చోట ఒక్క ఎర్ర గుడ్డ లేదు.

మూడేళ్ళ తర్వాత 1947 ఏప్రిల్ 16న అమెరికాలో టెక్సాస్ సిటీ రేవు పేలింది. అక్కడి సమస్య వేరు. గ్రాండ్‌క్యాంప్ అనే ఓడలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను కాగితపు సంచుల్లో ఎక్కించారు. సంచుల మీద పేరు ఉంది, ఎరువు అని కూడా ఉంది. రెండూ నిజమే. అమ్మోనియం నైట్రేట్ పంటలకు నత్రజనినిచ్చే ఎరువే. తనంతట తాను మండదు. అయితే వేడెక్కితే ఆక్సిజన్ సరఫరా చేసి మంటను రెచ్చగొడుతుంది. మైనం వంటి మండే పదార్థం కలిసి, గాలాడని చోట బాగా వేడెక్కితే పేలుతుంది. ఈ సంగతి సంచి మీద లేదు. కాగితం, సంచి నిండా ఎరువన్న మాట తప్ప ప్రమాదమన్న సూచన లేకపోవడంతో రంగు రంగుల పొగను చూడటానికి జనం రేవు దగ్గరికి చేరారు. 581 మంది చనిపోయారు. ఊరి అగ్నిమాపక దళంలో దాదాపు అందరూ పోయారు. మర్నాడు పక్కనున్న హై ఫ్లయర్ ఓడ కూడా పేలింది. ఒక పేరు అబద్ధం కాకపోయినా ప్రమాదాన్ని చెప్పకపోవచ్చు. రసాయనశాస్త్రం చెప్పే మావంటివారికి ఇది ప్రత్యేకించి గుర్తుండాలి. మేము పిల్లల చేత పేర్లు, ఫార్ములాలు వల్లె వేయిస్తాం. నిప్పు దగ్గర అది ఏం చేస్తుందో చెప్పడం తరచు మరిచిపోతాం.

ఇక భాష సంగతి. యుద్ధం తర్వాత రసాయనాల వ్యాపారం దేశదేశాలకు పెరిగింది. జర్మన్‌లో రాసిన పీపా విశాఖకు వస్తే చదివేదెవరు? 1953లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి ప్రమాదకర సరుకుల రవాణా మీద ఒక నిపుణుల సంఘాన్ని ఏర్పాటు చేసింది. 1956లో తొలి సిఫారసులు వెలువడ్డాయి. తర్వాతి ముద్రణల అట్ట రంగు వల్ల దానికి నారింజ పుస్తకమని పేరు. 1957లో ఐరోపా దేశాలు రోడ్డు రవాణా ఒప్పందం చేసుకున్నాయి. 1965లో సముద్ర రవాణాకు అంతర్జాతీయ నియమావళి ఆమోదం పొందింది. అన్నిటికీ మూలం ఒకటే ఆలోచన: భాష రాకపోయినా అర్థమయ్యే గుర్తులు ఉండాలి.

అందుకే ప్రమాదకర వస్తువులను తొమ్మిది తరగతులుగా విడదీశారు. మొదటిది పేలుడు పదార్థాలు, రెండోది వాయువులు, మూడోది మండే ద్రవాలు, నాలుగోది మండే ఘనపదార్థాలు, ఐదోది ఆక్సిజన్‌నిచ్చేవి, ఆరోది విషాలు, ఏడోది రేడియోధార్మికం, ఎనిమిదోది శరీరాన్ని, లోహాన్ని తినేసేవి, తొమ్మిదోది మిగతావి. ఒక్కో తరగతికి మూలమీద నిలబెట్టిన చతురస్రం, దానికి రంగు, బొమ్మ. ఎరుపు మీద జ్వాల ఉంటే మండేది. పసుపు మీద వలయం, దానిపై జ్వాల ఉంటే మంటను పెంచేది. తెలుపు మీద పుర్రె ఉంటే విషం. నీలం ఉంటే నీటితో కలిసి మండే వాయువునిస్తుంది, కాబట్టి నీళ్ళు కొట్టకూడదు. ఒక్కో పదార్థానికి నాలుగంకెల సంఖ్య కూడా ఇచ్చారు. పెట్రోలు 1203, డీజిలు 1202, బెంజీన్ 1114, టోలీన్ 1294, ద్రవ ఆక్సిజన్ 1073, అమ్మోనియా 1005, క్లోరిన్ 1017, గంధకామ్లం 1830. ఈ అంకెలకు భాష లేదు. రష్యన్ ఇంజనీరుకూ సుపేలాలోని పదో తరగతి విద్యార్థికీ 1114 ఒకటే.

మన రోడ్ల మీద పెట్రోలు ట్యాంకరు వెనుక 3 వై.ఇ. అని ఒక రాత కనిపిస్తుంది, ఎప్పుడైనా గమనించారా? అది హాజ్‌కెమ్ సంకేతం. 1970ల తొలినాళ్ళలో లండన్ అగ్నిమాపక దళంవారు దాన్ని తయారుచేశారు. పుస్తకం తెరవడానికి తీరిక లేనివాడి కోసం పుట్టింది కాబట్టి నాకు ఇదంటే ప్రత్యేకమైన గౌరవం. మొదటి అంకె మంటను దేనితో ఆర్పాలో చెబుతుంది: 1 అయితే నీటిధార, 2 అయితే సన్నని తుంపర, 3 అయితే నురుగు, 4 అయితే పొడి పదార్థం. తర్వాతి అక్షరం మనిషికి ఏ రక్షణ కావాలో, కారినదాన్ని నీటితో పలుచన చేసి వదలవచ్చో, కాలువల్లోకి పోకుండా కట్ట కట్టాలో చెబుతుంది. చివర ఇ ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. పెట్రోలు నీటి మీద తేలి మండుతూ పారుతుంది, అందుకే 3. మంటను చూసి బిందెలతో నీళ్ళు తెచ్చే మన సహజమైన మంచితనానికి ఆ ఒక్క అంకె అడ్డుపడుతుంది.

మన దేశంలో ఈ గుర్తులు రోడ్డు మీదికి రావడానికి భోపాల్ కావలసివచ్చింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక ఆసుపత్రులకు వేలమంది పరుగెత్తుకొచ్చినప్పుడు వారు పీల్చిన వాయువు ఏమిటో, దానికి చికిత్స ఏమిటో వైద్యులకు స్పష్టంగా తెలియలేదు. అది రవాణా ప్రమాదం కాదు. కానీ లోపల ఏముందో బయటివారికి తెలియాలన్న పాఠం అక్కడినుంచే చట్టంలోకి ఎక్కింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. ప్రతి ప్రమాదకర రసాయనానికీ భద్రతా సమాచార పత్రం, పాత్ర మీద లేబుల్ తప్పనిసరి అయ్యాయి. అదే 1989లో కేంద్ర మోటారు వాహనాల నియమావళి వచ్చింది. అందులో 129 నుంచి 137 వరకు ఉన్న నియమాలు ప్రమాదకర సరుకుల బండ్లకు సంబంధించినవి.

134వ నియమం ఒక్కటి వివరంగా చెబుతాను. బండి మీద అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. దానిమీద పదార్థం సరైన సాంకేతిక నామం కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో ఉండాలి. ఐక్యరాజ్యసమితి సంఖ్య కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తు అంకెల్లో ఉండాలి. తరగతి గుర్తు 250 మిల్లీమీటర్ల చదరానికి తగ్గకూడదు. ప్రమాదం జరిగితే పిలవవలసిన అత్యవసర సేవల ఫోను నంబరు, సరుకు పంపినవారి లేదా సలహా ఇవ్వగల నిపుణుల పేరు, ఫోను నంబరు ఉండాలి. అంకెలకు అక్షరాలకంటే రెట్టింపు ఎత్తు ఎందుకు? దూరం నుంచి చదవాలి కాబట్టి. దగ్గరికి వెళ్ళి చదవవలసిన లేబుల్ అప్పటికే ఓడిపోయిన లేబుల్.

బాధ్యతలు ముగ్గురి మీద పెట్టారు. సరుకు పంపేవాడు దాని గురించిన పూర్తి సమాచారాన్ని రవాణాదారుకు ఇవ్వాలి, ప్రథమ చికిత్స సామగ్రి, రక్షణ పరికరాలు సమకూర్చాలి. బండి యజమాని ఆ సమాచారం డ్రైవరుకు అందేలా, అర్థమయ్యేలా చూడాలి. డ్రైవరు ఆ రాతపూర్వక సమాచారాన్ని, వాడుకలో ట్రెమ్ కార్డు అనేదాన్ని, క్యాబిన్‌లో అందుబాటులో ఉంచుకోవాలి. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషనుకు వెంటనే తెలపాలి. 9వ నియమం ప్రకారం అలాంటి బండి నడిపేవాడికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. ప్రత్యేక శిక్షణ పొందాలి. చదవగలవాడే మోయాలన్నది మంచి ఆలోచనే. 1854 నాటి చట్టం ఓడ కెప్టెనుకు ఇచ్చిన స్థానాన్ని ఈ నియమం లారీ డ్రైవరుకు ఇచ్చింది.

కాని ఫలకాన్ని చదవవలసినవాడు డ్రైవరు కాదు కదా. లోపలేముందో అతనికి ముందే తెలుసు. ప్రమాదంలో స్పృహ తప్పేది తరచు అతనే. ఫలకం పుట్టింది మిగతావారి కోసం: పంక్చరు కొట్టువాడు, టీ దుకాణం యజమాని, ముందుగా చేరే కానిస్టేబులు, అంబులెన్సు సిబ్బంది. వారికి ఆ గుర్తులు ఎవరు నేర్పారు? నియమావళి వారి ఊసెత్తలేదు. తొమ్మిది చదరాలూ ఒక పుటలో ముద్రించి పాఠ్యపుస్తకంలో ఉంచడానికి ఎంత కాగితం ఖర్చవుతుంది?

నేను కొన్నేళ్ళు పిల్లల చేత ఒక అభ్యాసం చేయించేదాన్ని. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద సురక్షితమైన దూరంలో గంటసేపు నిలబడి, కనిపించిన ఫలకాల మీది సంఖ్యలు రాసుకురావాలి. తరగతిలో పట్టిక పెట్టుకుని అవి ఏమిటో కనిపెట్టాలి. 1203, 1202, 1075 ఎక్కువగా వచ్చేవి. 1075 అంటే వంటగ్యాసు. మధ్యమధ్య 1073 వస్తే ద్రవ ఆక్సిజనని కేకలేసేవారు. బురద కప్పేసిన ఫలకాలు, రంగు వెలిసిపోయినవి, సగం చిరిగిన స్టిక్కర్లు ఎన్నో. ఒకసారి ఒక బండికి పక్కన ఒక సంఖ్య, వెనుక మరో సంఖ్య ఉన్నాయని ఇద్దరు పిల్లలు రాసుకొచ్చారు. పోయిన ట్రిప్పు సరుకుది తీయకుండా కొత్తది అంటించి ఉంటారు. రాత లేని పీపాకంటే పాత రాత మిగిలిన పీపా అపాయకరం. లేనప్పుడు కనీసం జాగ్రత్తపడతాం, తప్పు రాతను నమ్ముతాం.

ఫలకం మీది రాత కాగితాన్ని అనుసరిస్తుంది, కాగితం పంపేవాడి మాటను అనుసరిస్తుంది. ఆ మొదటి మాటే సరిగా లేకపోతే? ఛత్తీస్‌గఢ్ వారికి దగ్గరి ఉదాహరణ స్పాంజ్ ఐరన్. రాయపూర్ చుట్టుపక్కల దాన్ని తయారుచేసే కర్మాగారాలు చాలా ఉన్నాయి. ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేస్తే అందులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. రంధ్రాల వల్ల ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. తడి తగిలితే, ముఖ్యంగా ఉప్పునీరు తగిలితే, వేడెక్కి హైడ్రోజన్ వదులుతుంది. వేడిగా ఉండగానే అచ్చుపోసి దిమ్మలుగా నొక్కితే రంధ్రాలు మూసుకుపోయి ప్రమాదం తగ్గుతుంది. 2004 ఫిబ్రవరి 28న వెనిజులా నుంచి చైనాకు బయలుదేరిన ఇథాన్ అనే ఓడ కొలంబియా తీరానికి దూరంగా పేలి మునిగింది, ఆరుగురు నావికులు పోయారు. అందులో ఉన్నది స్పాంజ్ ఐరన్ పొడి రకం. కాగితాల మీద అది వేడిదిమ్మల పొడిగా నమోదైంది. వేడిదిమ్మలన్న మాట వింటే ప్రమాదం తక్కువని తోస్తుంది, ఏర్పాట్లూ ఆ లెక్కనే ఉంటాయి. ఒక విశేషణం తేడా! తర్వాత వచ్చిన అంతర్జాతీయ నియమావళి పొడి రకాన్ని వేరే పేరుతో, వేరే షరతులతో విడిగా చేర్చింది. 2011 జనవరి 1 నుంచి ఆ నియమావళి తప్పనిసరైంది.

ఇలాంటిదే మన తెలుగు నేలను తాకిన కథ మరొకటి ఉంది. 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాన్ని పేలుడు పదార్థంగా పరిగణిస్తూ 2011 జులైలో కేంద్రం ప్రకటన ఇచ్చింది. 2012లో దాని కోసం ప్రత్యేక నియమాలు వచ్చాయి. దిగుమతి, నిల్వ, రవాణా, అమ్మకం, అన్నిటికీ లైసెన్సు కావాలి. గనుల పేలుళ్ళకు కావలసిన ఈ సరుకు ఎక్కువగా విశాఖ రేవులోనే దిగుతుంది. 2015లో చెన్నైకి వచ్చిన దాదాపు 700 టన్నుల సరుకును కస్టమ్స్‌వారు స్వాధీనం చేసుకున్నారు. ఎరువు రకమని చూపిన కాగితాలతో వచ్చింది పేలుడు పదార్థాల తయారీకి వాడే రకమనీ, దిగుమతికి తగిన లైసెన్సు లేదనీ వారి అభ్యంతరం. వ్యాజ్యం నడుస్తుండగా 37 కంటైనర్లు మనలి ప్రాంతంలోని గోదాములో ఉండిపోయాయి. చుట్టూ ఇళ్ళున్నాయి. ఐదేళ్ళు ఎవరికీ పట్టలేదు.

2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2013లో అక్కడ ఆగిపోయిన రోసస్ అనే ఓడలోంచి దింపిన సరుకది. దాన్ని తరలించాలని అక్కడి కస్టమ్స్ అధికారులు న్యాయస్థానానికి పదేపదే ఉత్తరాలు రాశారు. కాగితాలు మళ్ళీ సక్రమంగానే ఉన్నాయి, ఫోర్ట్ స్టికిన్ కాగితాల్లాగే. ఆ వార్త వచ్చాక వారం తిరగకుండానే చెన్నై కంటైనర్లు కదిలాయి. వేలంలో కొన్న హైదరాబాదు సంస్థకు ఆగస్టు 9 నుంచి రోడ్డు మార్గాన తరలించడం మొదలైంది. ఐదేళ్ళు కదలనిది ఐదు రోజుల్లో కదిలింది.

ఐక్యరాజ్యసమితి పట్టికలో అమ్మోనియం నైట్రేట్ సంఖ్య 1942. అదే ఎరువు రూపంలో ఉన్నప్పుడు 2067. రెండూ ఐదో తరగతే, రెండింటికీ పసుపు చదరమే. ఆరు పాళ్ళ డీజిలు కలిపితే అది మొదటి తరగతిలోకి, నారింజ చదరంలోకి మారిపోతుంది. తెల్లటి గుళికల రూపంలో ఉన్న సరుకును కంటితో చూసి 1942 ఏదో 2067 ఏదో ఎవరూ చెప్పలేరు. సాంద్రత, నూనె పీల్చుకునే గుణం ప్రయోగశాలలో కొలవాలి. రోడ్డు పక్కనున్నవాడికి ఆ ప్రయోగశాల బదులు దొరికేది బండి వెనుక ఉన్న నాలుగు అంకెలే.